పెట్టె తాళంచెవి ఎవరి దగ్గర?

2022 జూలై నెలాఖరులో ఇద్దరు బాలికలు చిత్రదుర్గలోని ఒక మఠం హాస్టలు వదిలి బెంగళూరు వచ్చేశారు. ఒక ఆటో డ్రైవరు వాళ్లను కాటన్‌పేట పోలీసు ఠాణాకు చేర్చాడని అప్పట్లో పత్రికలు రాశాయి. అక్కడ కేసు నమోదు కాలేదు. నెల గడిచాక ఇద్దరూ మైసూరులో ‘ఒడనాడి’ అనే స్వచ్ఛంద సంస్థ గడప తొక్కారు. ఆగస్టు 26న నజర్‌బాద్ ఠాణాలో, పిల్లల మీద లైంగిక నేరాలకు వర్తించే పోక్సో చట్టం కింద కేసు నమోదైంది. సెప్టెంబరు 1న మఠాధిపతి అరెస్టయ్యాడు. పార్టీలతో పనిలేకుండా నాయకులంతా వెళ్లి కాళ్లకు మొక్కివచ్చే మఠం అది. మూడేళ్ల తర్వాత, 2025 నవంబరులో, చిత్రదుర్గ కోర్టు ఆ కేసులో ఆయన్ను నిర్దోషిగా తేల్చింది.

తీర్పు మంచిచెడ్డలు ఎంచడం ఈ కథనం పని కాదు. దానికి పైకోర్టులున్నాయి. పట్టించుకోవలసింది ఆ మొదటి నెలను. తమ హాస్టల్లో ఏదో సరిగా లేదని చెప్పుకోవడానికి ఇద్దరు పిల్లలు ఇంచుమించు రెండు వందల కిలోమీటర్లు రావలసి వచ్చింది. జిల్లా కేంద్రంలో బాలల సంక్షేమ కమిటీ ఉంది, పిల్లల రక్షణ అధికారి ఉన్నాడు, హాస్టళ్లు చూసి రావడానికి తనిఖీ బృందాలున్నాయి. ఇవన్నీ కాగితం మీద ఆ పిల్లల కోసం పుట్టినవే. వాళ్లకు మాత్రం దారిగా కనిపించింది బెంగళూరు రోడ్డు.

ఆ పిల్లలు మొదట చేరిన కాటన్‌పేట ఠాణాకు కూతవేటు దూరంలో ఉంటుంది బళేపేట. బెంగళూరు పాత పేటల్లో ఒకటి. ఒకవైపు వీణలు, తబలాలు, హార్మోనియంలు వేలాడే దుకాణాలు, ఇంకోవైపు గాజుల కొట్లు, టోకు వ్యాపారాలు, మధ్యలో రోజుకింత అని గదులిచ్చే లాడ్జీలు. కన్నడంతో పాటు తమిళం, మార్వాడీ, ఉర్దూ వినిపిస్తాయి. తెలుగు వినపడని వీధి ఈ పేటల్లో వెతికినా దొరకదు. కాస్త పడమటికి నడిస్తే మెజెస్టిక్ బస్‌స్టాండు, దాని ఎదురుగా సిటీ రైల్వేస్టేషను. హిందూపురం, అనంతపురం, ధర్మవరం, చిత్తూరు వైపు నుంచి ఇల్లు వదిలిన పిల్లాడికి బెంగళూరంటే ముందు ఈ కిలోమీటరే. హోటల్లో కప్పులు కడగడానికో, కొట్లో మూటలు మోయడానికో చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేవాళ్లు ప్లాట్‌ఫారం మీదే దొరుకుతారు.

వాళ్లకంటే ముందు పిల్లాణ్ని పలకరించడానికే 1980లో డాన్‌బాస్కో సంస్థ యువకులు ‘బాస్కో’ మొదలుపెట్టారు. స్టేషన్లో తిరిగే పిల్లలతో మాట్లాడటం, ఇంటికి చేర్చడం, ఇల్లు లేకపోతే నీడ చూపించడం వాళ్ల పని. ఇప్పుడు చట్టం కూడా ఆ వరుసే పెట్టింది. దిక్కులేని పిల్లలు కనిపిస్తే 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకెళ్లాలి. అక్కడ ఒక అధ్యక్షుడు, నలుగురు సభ్యులు కూర్చుని ఆ పిల్లాడు ఇంటికి వెళ్లాలా, హోముకు వెళ్లాలా అన్నది తేలుస్తారు. ఎక్కువసార్లు ఇల్లే. ఇల్లు కుదరనప్పుడు హోము.

ఈ వరుసలో ఎవరూ ముందుగా అడగని ప్రశ్న ఒకటుంది. పిల్లాడు పారిపోయి వచ్చింది ఇంటి నుంచి కాకుండా హోము నుంచే అయితే?

హాస్టలంటే మనకు నమ్మకం

తెలుగువాళ్లకు హాస్టలు మీద ఉన్న గురి ఇంకెవరికీ ఉండదేమో. గుంటూరు, నెల్లూరు మిషన్ బోర్డింగుల నుంచి ఎస్సీ, బీసీ సంక్షేమ హాస్టళ్ల దాకా, 1971లో పి.వి.నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా నల్గొండ జిల్లా సర్వేలులో మొదలైన గురుకులం నుంచి నేటి కార్పొరేట్ కాలేజీ హాస్టళ్ల దాకా, మూడు నాలుగు తరాలు ట్రంకుపెట్టెతోనే పైకొచ్చాయి. ఆ గురి వట్టిది కాదు. కూలి తల్లిదండ్రుల పిల్లల్ని కలెక్టర్లను చేసిన వ్యవస్థ అది. పిల్లలు చెప్పిన మాటను ఇంట్లో నమ్మకపోవడానికి కూడా ఆ గురే కారణం. సెలవులకు వచ్చిన పిల్లాడు ‘నేను మళ్లీ పోను’ అంటే చదువు తప్పించుకోవడానికి వేషాలేస్తున్నాడనుకుంటాం. ‘సారు కొడతాడు’ అంటే ‘కొట్టకపోతే చదువెలా వస్తుంది’ అంటాం. ఇక కొట్టడం కంటే పెద్దది ఏదైనా జరిగితే, ఆ పిల్లాడికి చెప్పడానికి మాటలే మిగలవు.

2007లో కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ వెలువరించిన అధ్యయనం 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగింది. ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నామన్నారు. సగానికి పైగా, అంటే 53.22 శాతం, ఏదో ఒక రకం లైంగిక వేధింపు ఎదురైందన్నారు. ఎక్కువ నమోదైన రాష్ట్రాల్లో అస్సాం, బిహార్, ఢిల్లీతో పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. తీవ్రమైన దాడులు ఎక్కువగా చెప్పినవాళ్లు మూడు చోట్ల పిల్లలు: వీధుల్లో ఉన్నవాళ్లు, పనుల్లో ఉన్నవాళ్లు, సంస్థల్లో ఉన్నవాళ్లు. రక్షించి తీసుకెళ్లి పెట్టిన చోటు కూడా వీధి సరసనే చేరిందన్నమాట.

ఆ లెక్క వచ్చిన ఐదేళ్లకు పోక్సో చట్టం వచ్చింది. 2012 నవంబరు 14 నుంచి అమలు. 2007లోనే ఏర్పడిన జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు తొలి అధ్యక్షురాలు మన నెల్లూరు బిడ్డ, ఎం.వి.ఫౌండేషన్‌ను నడిపించిన శాంతా సిన్హా. చట్టం ముసాయిదా మీద ఆ కమిషన్ కూడా పనిచేసింది. బడి, ఆశ్రమం, ఆసుపత్రి, మత సంస్థ, వసతి గృహం, ఎక్కడైనా సరే, చూసుకోవలసినవాడే చెయ్యి వేస్తే శిక్ష పెరుగుతుంది. తెలిసీ ఫిర్యాదు చేయకపోవడం నేరం. సంస్థ పెద్ద దాచిపెడితే ఏడాది దాకా జైలు. చట్టంగా చూస్తే గట్టిదే.

అయినా గమనించండి. 2014 జూలైలో మారతహళ్లి దగ్గరి ఒక ప్రైవేటు బడిలో ఆరేళ్ల పాప మీద అఘాయిత్యం జరిగినప్పుడు వేలమంది తల్లిదండ్రులు రోడ్డెక్కారు, కొద్ది రోజుల్లో బెంగళూరు పోలీసు కమిషనరే మారాడు. 2022 అక్టోబరులో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో నాలుగేళ్ల పాప కేసులోనూ తల్లిదండ్రులే బడిని నిలదీశారు. ఆరు నెలలకే నిందితుడికి 20 ఏళ్ల శిక్ష పడింది. ఇక 2020 ఆగస్టులో సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్‌లోని ఒక అనాథాశ్రమం సంగతి. అక్కడి పిల్ల లాక్‌డౌన్లో బంధువుల ఇంటికి వెళ్లాకే, ఒళ్లు పాడయ్యాకే విషయం బయటపడింది. కేసు పెట్టిన కొన్నాళ్లకే ఆ పిల్ల ఆసుపత్రిలో కన్నుమూసింది. ఫీజు కట్టే తల్లిదండ్రులున్న పిల్లలకు వీధి నిండా జనం ఉంటారు. హోములో పిల్లలకు ఆ జనం ఎక్కడి నుంచి వస్తారు?

గోడకు తగిలించిన పెట్టె

2015 నాటి బాల న్యాయ చట్టం, దాని కింద వచ్చిన నిబంధనలు ఈ ప్రశ్నకు తమ వంతు జవాబు రాశాయి. ప్రతి హోములో పిల్లల కమిటీలు ఉండాలి: 6 నుంచి 10 ఏళ్లవాళ్లకు ఒకటి, 11 నుంచి 15 వాళ్లకు ఒకటి, 16 నుంచి 18 వాళ్లకు ఒకటి. ఒక సలహాల పెట్టె ఉండాలి. అది ఆఫీసు గదికి దూరంగా, పిల్లలు పడుకునే చోటుకు దగ్గరగా ఉండాలి. తాళంచెవి హోము ఇన్‌ఛార్జి దగ్గర ఉండకూడదు, నిర్వహణ కమిటీ అధ్యక్షుడి దగ్గర ఉండాలి. ప్రతివారం తెరవాలి.

ఎవరు రాశారో గాని, రాసినవాడికి లోపలి సంగతి తెలుసు. పెట్టె ఎక్కడుండాలి, తాళం ఎవరి చేతిలో ఉండాలి అన్న రెండు ముక్కల్లో మొత్తం వ్యవహారం ఉంది. పెట్టెను ఆఫీసు గుమ్మం పక్కన తగిలిస్తే, చీటీ వేసిన పిల్లాడి ముఖం వార్డెనుకు కనిపిస్తుంది. తాళంచెవి వార్డెను మొలతాడుకే ఉంటే చీటీ కూడా కనిపిస్తుంది. చేతిరాత చూసి ఎవరో పోల్చుకోవడం ఎంతసేపు? ఒక్కసారి అలా జరిగిందా, తర్వాత ఆ పెట్టెలో ‘భోజనం బాగుంది, ధన్యవాదాలు’ అనే చీటీలే వస్తాయి. తనిఖీకి వచ్చినవాళ్లు అవి చూసి సంతోషించి సంతకం పెట్టి వెళతారు.

సంతకాల సంగతి ముజఫర్‌పూర్ చెప్పింది. బిహార్ ప్రభుత్వం తన డబ్బుతో నడిచే వసతి గృహాలను చూసి రమ్మని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ వారి ‘కోశిశ్’ బృందాన్ని నియమించింది. వాళ్లు 110 సంస్థలు తిరిగారు. 17 చోట్ల తీవ్రమైన లోపాలున్నాయని 2018లో నివేదిక ఇచ్చారు. ముజఫర్‌పూర్ బాలికా గృహం అందులో ఒకటి. దానికి అంతకుముందు తనిఖీలు లేకపోలేదు, రిజిస్టర్లు లేకపోలేదు. కొత్తగా జరిగిందల్లా, వచ్చినవాళ్లు రిజిస్టరు పక్కన పెట్టి పిల్లలతో కూర్చున్నారు, పిల్లలు చెప్పారు. 2020 జనవరిలో ఢిల్లీ కోర్టు 19 మందిని దోషులుగా తేల్చింది. గృహం నడిపినవాడికి బతికినంతకాలం జైలు.

అదే 2018లో దేశం మొత్తం మీద వసతి గృహాల లెక్క తేలింది. సంస్థలు 9,589, వాటిలో పిల్లలు మూడు లక్షల డెబ్భై వేలకు పైగా. నూటికి తొంభై స్వచ్ఛంద సంస్థలవే. లెక్క తీసే నాటికి బాల న్యాయ చట్టం కింద నమోదైనవి మూడో వంతు కూడా లేవు. సుప్రీంకోర్టు 2017 మే నెలలో తమిళనాడు అనాథాశ్రమాల కేసులో తీర్పు చెబుతూ, ఏడాది చివరికల్లా అన్నీ నమోదు కావాలని, సోషల్ ఆడిట్లు జరగాలని గట్టిగా చెప్పవలసి వచ్చింది కూడా ఇందుకే.

యూనియన్ కట్టిన పిల్లలు

పిల్లలు తమంతట తాము మాట్లాడితే ఎలా ఉంటుందో బెంగళూరు ఒకసారి చూసింది. ఆ కథ కూడా హోటళ్ల నుంచే మొదలవుతుంది, దాని వెనక ఒక తెలుగు ఇల్లుంది.

నెల్లూరు పట్టాభి అంటే సాహిత్యం చదివేవాళ్లకు 1939 నాటి ‘ఫిడేలు రాగాల డజన్’ గుర్తొస్తుంది. సినిమావాళ్లకు 1970లో ‘సంస్కార’ తీసిన పట్టాభిరామిరెడ్డి. ఆయన భార్య స్నేహలతారెడ్డి ఆ సినిమా నాయిక. ఎమర్జెన్సీలో, 1976లో, ఆమెను అరెస్టు చేసి బెంగళూరు సెంట్రల్ జైల్లో పెట్టారు. ఉబ్బసం మనిషి. ఎనిమిది నెలలు జైల్లో ఉండి, పరోల్ మీద బయటికొచ్చిన కొద్ది రోజులకే 1977 జనవరి 20న చనిపోయింది. వాళ్ల కూతురు నందనా రెడ్డి. మూసిన తలుపుల వెనక మనిషి ఏమవుతుందో ఆ ఇల్లు కళ్లారా చూసింది. నందన తర్వాత ఏ పని పట్టుకున్నదీ చూస్తే, ఈ రెండూ వేరువేరు సంగతులని నాకనిపించదు.

నందన, ఆమె సహచరులు 70ల చివర బెంగళూరులో అసంఘటిత కార్మికుల మధ్య పనిచేస్తుంటే, ఎక్కడ చూసినా పిల్లలే కనిపించారు. హోటళ్లలో బల్లలు తుడిచే కుర్రాళ్లు. కన్నడ హోటళ్లలో వాళ్లను ‘మాణి’ అని పిలుస్తారు. దెబ్బలు, అర్ధరాత్రి దాకా పని, బల్లల కిందే పడక. వాళ్ల కోసం యూనియన్ పెడదామంటే 1926 నాటి ట్రేడ్ యూనియన్ చట్టం ఒప్పుకోలేదు. దాని ప్రకారం పదిహేనేళ్లు నిండనివాడు సభ్యుడు కాలేకపోయేవాడు. పని చేయడానికి పనికొచ్చే వయసు, సంఘం పెట్టుకోవడానికి పనికిరాలేదు. 1985లో ‘ద కన్‌సర్న్‌డ్ ఫర్ వర్కింగ్ చిల్డ్రన్’ నమోదైంది. ఆ బృందం రాసిన బిల్లు ముసాయిదా 1986 బాలకార్మిక చట్టానికి దారి వేసింది. చట్టం చివరికి వచ్చిన రూపం వాళ్లు అడిగినట్టు లేదు, అది వేరే కథ.

1990లో పిల్లలే ‘భీమ సంఘ’ పెట్టుకున్నారు. బెంగళూరు హోటళ్లకు పిల్లలను పంపే కుందాపుర తాలూకాలో అది బాగా వేళ్లూనుకుంది. 1995కల్లా అక్కడ మక్కళ పంచాయతీలు మొదలయ్యాయి. పిల్లలే ఓట్లేసి పిల్లల్నే ఎన్నుకుని, ఊరి పంచాయతీ పెద్దల ఎదుట కూర్చుని లెక్కలు అడిగేవాళ్లు. 1996లో కుందాపురలో పలు ఖండాల నుంచి పనిపిల్లల ప్రతినిధులు వచ్చి సమావేశమయ్యారు. పది అంశాల ప్రకటన చేశారు. మా గురించి ఏం నిర్ణయించినా మమ్మల్ని కూర్చోబెట్టుకునే నిర్ణయించండి అన్నది దాని సారం. పదేళ్లకు కర్ణాటక ప్రభుత్వం ప్రతి గ్రామ పంచాయతీలో మక్కళ గ్రామసభ జరపాలని ఉత్తర్వు ఇచ్చింది.

భీమ సంఘ చెప్పిన ఒక మాట చాలామందికి మింగుడు పడలేదు. పోలీసులు దాడి చేసి పిల్లలను ‘రక్షించి’ రిమాండ్ హోముల్లో కుక్కడాన్ని వాళ్లు తప్పుపట్టారు. హోటలు యజమాని నుంచి విడిపించి వార్డెనుకు అప్పజెబితే అది విడుదల కాదన్నారు. బాలకార్మికులను వెనకేసుకొస్తున్నారని నందన మీద విమర్శలు వచ్చాయి. ఆమె వాదనంతా ఒప్పుకోనక్కర్లేదు. బడి ఈడు పిల్లాడు బడిలోనే ఉండాలని శాంతా సిన్హా గట్టిగా పట్టిన పట్టు, చాలా జిల్లాల్లో ఫలితం చూపించిన పట్టు, మరోవైపు ఉంది. నా మొగ్గు కూడా అటే. కానీ హోము లోపల ఏం జరుగుతుందో తెలిసిన నోటి నుంచి వచ్చిన మాటను సిద్ధాంతం పేరుతో కొట్టేయడం కుదరదు. 2007 అధ్యయనం ఆ పిల్లలు చెప్పినదానికి లెక్కలు జోడించింది, అంతే.

నాలుగు గోడలు లేని సంస్థ

సంస్థ అంటే కట్టడమే కానక్కర్లేదు. గుడి పేరు చెప్పి ఆడపిల్లను ఊరి సొత్తు చేసే ఆచారమూ ఒక సంస్థే. బెళగావి జిల్లా సీతవ్వ జోడట్టిని ఏడేళ్ల వయసులో దేవదాసిగా వదిలారు. 1982లోనే కర్ణాటక దేవదాసి నిషేధ చట్టం తెచ్చింది. ఊళ్లలో మాత్రం రహస్యంగా సాగుతూనే ఉంది. 90లలో సీతవ్వ, ఆమెలాంటి స్త్రీలు ‘మాస్’ అనే సంస్థగా కూడారు. ఎక్కడ, ఏ జాతరకు, ఏ ఇంటి పిల్లను తీసుకెళ్లబోతున్నారో పోలీసులకంటే ముందు వాళ్లకు తెలిసేది. ఎందుకంటే ఆ సన్నాహాలు ఎలా ఉంటాయో వాళ్లు పడి ఉన్నవాళ్లు. కొత్త చీర ఎందుకు కొన్నారు, ముత్యాల దండ ఎవరు తెచ్చారు, ఇంట్లో ఎందుకు గుసగుసలు, ఇవన్నీ బయటి అధికారికి పండగ హడావిడిలా కనిపిస్తాయి. సీతవ్వకు 2018లో పద్మశ్రీ ఇచ్చారు.

మన పాలమూరు వైపు జోగినీ ఆచారం మీద పోరాడిన సంఘంలోనూ ముందు నిలబడింది జోగినీలే. ఉట్కూరు హాజమ్మ పేరు ఆ ప్రాంతంలో తెలియనివారుండరు. 1988లో ఉమ్మడి రాష్ట్రం చేసిన చట్టం ఉంది, చట్టం ఉందన్న సంగతి తహసీల్దారుకు గుర్తుచేయడానికి హాజమ్మలు కావలసి వచ్చారు.

ఈ రెండు ఉదాహరణలకూ హాస్టళ్ల సంగతికీ ఒక తేడా ఉంది. దేవదాసి అన్న ముద్ర ఊరందరికీ తెలిసిందే, దాచేది లేదు. అందుకే ఆ స్త్రీలు ఒకరినొకరు కలుసుకోగలిగారు. హాస్టల్లో, అనాథాశ్రమంలో దెబ్బతిన్నవాళ్లు పద్దెనిమిదేళ్లు నిండగానే తలో దిక్కూ పోతారు. ఒకడు బళేపేట కొట్లో లెక్కలు రాస్తుంటాడు, ఒకడు క్యాబ్ నడుపుతుంటాడు, ఒకమ్మాయి పెళ్లై వేరే ఊళ్లో ఉంటుంది. భర్తకు కూడా తను హోములో పెరిగానని చెప్పి ఉండదు. పక్కపక్క మంచాల మీద పడుకున్నవాళ్లు ఒకరి ఫోను నంబరు ఒకరికి తెలియకుండా బతికేస్తారు.

ప్లకార్డు పట్టుకున్న ముసలివాళ్లు

అలా చెదిరిపోయినవాళ్లను వెతికి పట్టుకునే పనితోనే ఆస్ట్రేలియాలో 2000 సంవత్సరంలో లియోనీ షీడీ, జోవానా పెంగ్లేస్ ‘క్లాన్’ అనే సంఘం పెట్టారు. ఇద్దరూ అనాథాశ్రమాల్లో పెరిగినవాళ్లే. ఇరవయ్యో శతాబ్దంలో ఆ దేశంలో ఐదు లక్షల మందికి పైగా పిల్లలు అలాంటి చోట్ల పెరిగారని 2004లో సెనేట్ నివేదిక చెప్పింది. చర్చిలవి, ధర్మసంస్థలవి, ప్రభుత్వానివి. క్లాన్ మొదట చేసింది పెద్ద ఉద్యమమేమీ కాదు. ఎవరి రికార్డు ఎక్కడుందో వెతికిపెట్టడం, విడిపోయిన అన్నదమ్ములను కలపడం, పాత ఫోటోలు పోగుచేయడం. తన పేరుకు స్పెల్లింగు ఏమిటో, పుట్టిన తేదీ ఏమిటో అరవయ్యేళ్ల వయసులో తెలుసుకున్నవాళ్లున్నారు.

తర్వాతే ప్లకార్డులు. 2012 నవంబరులో సంస్థల్లో పిల్లల మీద జరిగిన లైంగిక నేరాలను విచారించడానికి ప్రధాని జూలియా గిలార్డ్ రాయల్ కమిషన్ ప్రకటించే దాకా, ఆ కమిషన్ ఐదేళ్లు దేశమంతా విచారణలు జరిపినన్నాళ్లూ, కోర్టు హాళ్ల బయట క్లాన్ సభ్యులు నిలబడేవాళ్లు. లోపల జరిగిన ఏర్పాటు ఒకటి మనకు పనికొస్తుంది. బహిరంగ విచారణలు కాక, ఏకాంత సమావేశాలని పెట్టారు. బాధితుడు, ఒక కమిషనరు. ప్రమాణం లేదు, ఎదురు ప్రశ్నలు వేసే లాయరు లేడు. తోడు కావాలంటే తెచ్చుకోవచ్చు. రుజువు చేయమని అడగరు, చెప్పింది వింటారు, రాసుకుంటారు. అలా 8,013 మంది కూర్చుని చెప్పారు. జరిగినదాన్ని మొదటిసారి నోటితో చెప్పడానికి వాళ్లకు సగటున పట్టిన కాలం 23.9 ఏళ్లని తేలింది. ఎక్కడ జరిగింది, ఏ సంస్థలో, ఏ సంవత్సరం అని వేలాది మాటలు పక్కపక్కన పెడితే, ఒక్కో మనిషి మాటగా కొట్టేసినవి ఒకే వార్డెను చుట్టూ, ఒకే మెట్లగది చుట్టూ పేరుకున్నాయి. ఫిర్యాదు వచ్చిన మనిషిని ఇంకో ఊరికి బదిలీ చేసి చేతులు దులుపుకున్న సంస్థల చిట్టా బయటపడింది.

2018 జూలై నుంచి పరిహార పథకం వచ్చింది, గరిష్ఠంగా లక్షన్నర డాలర్లు. ఆ అక్టోబరులో పార్లమెంటులో ప్రధాని క్షమాపణ చెప్పారు. షీడీకి మాత్రం కోపం తీరలేదు. కమిషనూ పథకమూ లైంగిక నేరాలనే లెక్కలోకి తీసుకున్నాయి. ఒళ్లు హూనమయ్యేలా కొట్టడం, ఆకలికి మాడ్చడం, చాకిరీ చేయించడం పరిహారానికి తూగలేదు. ఇది మనం జాగ్రత్తగా వినవలసిన ఫిర్యాదు. మన దగ్గర కూడా పోక్సో కిందికొస్తే వార్త, బెల్టుతో బాదితే క్రమశిక్షణ. నిజానికి సంస్థ సిబ్బంది పిల్లల్ని హింసిస్తే ఐదేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా అని బాల న్యాయ చట్టం 75వ సెక్షను చెబుతోంది. ఆ సెక్షను పేరు ఎంతమంది వార్డెన్లకు తెలుసు?

ఐర్లండ్‌లో 1996లో క్రిస్టీన్ బక్లీ అనే స్త్రీ తను పెరిగిన గోల్డెన్‌బ్రిడ్జ్ అనాథాశ్రమం గురించి టీవీ డాక్యుమెంటరీలో చెప్పింది. మూడేళ్లకు ప్రధాని క్షమాపణ, 2009లో ర్యాన్ కమిషన్ నివేదిక. ఎక్కడైనా వరుస ఇంతే: ముందు లోపల పెరిగినవాళ్లలో ఒకరు నోరు తెరుస్తారు, తర్వాత అలాంటివాళ్లు ఇంకొందరు కూడతారు, ప్రభుత్వం ఆఖరున వస్తుంది.

ముప్ఫై ఏళ్లకు గుర్తొస్తే

మన దగ్గర ఆలస్యంగా చెప్పినవాళ్ల గతి ఏమిటి? చెన్నైలో చిన్నప్పుడు బంధువు చేతిలో ఏళ్ల తరబడి బాధపడ్డ పూర్ణిమా గోవిందరాజులు, కెనడాలో శాస్త్రవేత్తగా స్థిరపడ్డాక, యాభై దాటిన వయసులో వెనక్కి వచ్చి ఫిర్యాదు చేయబోతే ఇంతకాలానికా అన్నారు. ఆమె ఊరుకోలేదు. పిటిషన్ పెట్టి సంతకాలు కూడగట్టి కేంద్రమంత్రి దాకా వెళ్లింది. 2018లో న్యాయశాఖ స్పష్టం చేసింది: పోక్సో కింద ఫిర్యాదుకు కాలపరిమితి లేదు, చిన్నప్పటి నేరం మీద పెద్దయ్యాక కూడా కేసు పెట్టొచ్చు. ఒక బాధితురాలి పట్టుదల దేశమంతటికీ తెరిచిన తలుపు ఇది. ఇక్కడో మెలిక ఉంది. 2012 నవంబరు 14కు ముందు జరిగినదానికి పోక్సో వర్తించదు, పాత శిక్షాస్మృతి సెక్షన్లే దిక్కు. ఇప్పుడు నలభైల్లో, యాభైల్లో ఉన్న హాస్టలు తరాలన్నీ ఆ గీతకు అవతలివైపే ఉన్నాయి.

కోర్టు ఒక్కటే దారి కాదన్నది ఆస్ట్రేలియా వాళ్ల ఏకాంత సమావేశాలు చెప్పిన సంగతి. శిక్ష వేయించాలని అందరూ రారు. ఆ వార్డెను ఇంకా పిల్లల మధ్యే ఉన్నాడా అన్నది తెలుసుకోవాలని చాలామంది వస్తారు. మన రాష్ట్రాల బాలల హక్కుల కమిషన్లు అలాంటి గది ఒకటి తెరవాలనుకుంటే బడ్జెట్ పెద్దదేమీ కాదు. తెరిచిన మరుసటి రోజు వచ్చే ఫోన్లు ఎవరెవరి నుంచి ఉంటాయో ఊహించగలిగినవాళ్లే తెరవరు.

హోము నుంచి బయటికొచ్చిన యువతను ఒకచోట చేర్చే ప్రయత్నం ఢిల్లీలో ‘ఉదయన్ కేర్’ చేస్తోంది. కర్ణాటకతో సహా ఐదు రాష్ట్రాల్లో వాళ్ల బతుకుల మీద అధ్యయనం కూడా చేసింది. చట్టం ప్రకారం పద్దెనిమిది నిండాక ఇరవై ఒకటి దాకా ప్రభుత్వ సాయం ఉండాలి. మిషన్ వాత్సల్య కింద నెలకు నాలుగు వేలు. బెంగళూరులో నాలుగు వేలకు మంచం అద్దె కూడా రాదు. పొద్దున లేస్తే గది అద్దె వెతుక్కునే కుర్రాడు తన చిన్నప్పటి సంస్థ మీద గొంతెత్తుతాడని ఎదురుచూడటం అన్యాయం. పైగా ఆ సంస్థే అతనికి చదువు చెప్పించి ఉంటుంది, ఉద్యోగానికి సిఫారసు ఉత్తరం ఇవ్వవలసిందీ అదే. అన్నం పెట్టిన చెయ్యి, కొట్టిన చెయ్యి ఒకటే అయినప్పుడు లోకం అన్నాన్నే గుర్తుచేస్తుంది.

సంస్థలు నడిపేవాళ్లలో మంచివాళ్లకు ఇందులో భయం ఉంది, దాన్ని తీసిపారేయలేం. ఒక్క ఆరోపణ వస్తే దాతలు పోతారు, లైసెన్సు పోతుంది, యాభైమంది పిల్లలు రాత్రికి రాత్రి ఇంకో జిల్లాకు వెళతారు. నోరు విప్పిన పిల్లకు దక్కేది కూడా అదే. స్నేహితులు చెదిరిపోతారు, అందరికీ ఆమె మీదే కోపం. అందుకే మూసేయడం కంటే, పిల్లల్ని అక్కడే ఉంచి సిబ్బందిని మార్చడం ముందు ఆలోచించాలి. ఆ మాట పెద్దలకు తోచదు. చెదిరిపోయినవాళ్లకు తోస్తుంది.

బాల న్యాయ చట్టం 54వ సెక్షను ప్రకారం తనిఖీ కమిటీలను నియమించేది రాష్ట్ర ప్రభుత్వం. కనీసం మూడు నెలలకోసారి ప్రతి సంస్థకూ వెళ్లాలి, బృందంలో ముగ్గురికి తక్కువ ఉండకూడదు, వారిలో ఒక స్త్రీ, ఒక వైద్యాధికారి తప్పనిసరి. ముగ్గురికి తక్కువ కాకూడదని ఉంది గాని, ముగ్గురే ఉండాలని లేదు. హోములో పెరిగి బయటికొచ్చిన మనిషిని నాలుగో సభ్యుడిగా వేయడానికి పార్లమెంటు కూర్చోనక్కర్లేదు, చట్ట సవరణ అక్కర్లేదు. విధానసౌధలోనో, అమరావతిలోనో, హైదరాబాద్ సచివాలయంలోనో ఒక కార్యదర్శి సంతకం చాలు. రోజుకింత భత్యం, బస్సు ఛార్జీలు. ఆ మనిషి రిజిస్టరు అడగడు. ముందు స్నానాలగది గడియ లోపలి నుంచి పడుతుందా అని చూస్తాడు, రాత్రిపూట ఏ గది తాళం ఎవరి దగ్గర ఉంటుందో అడుగుతాడు, సలహాల పెట్టె ఎక్కడ తగిలించారో చూస్తాడు.